ప్రత్యక్ష, పరోక్ష ప్రజాస్వామ్యాలు: వార్డు మెంబరుగా నాకు అర్థమైనవి

పరీక్షకు చదువుతున్న మీరు, ప్రత్యక్ష, పరోక్ష ప్రజాస్వామ్యాలకు తేడా, పార్లమెంటరీ, అధ్యక్ష పద్ధతులకు తేడా ఎన్నిసార్లు చదివినా మర్చిపోతున్నానని నాకు రాశారు. మన దగ్గర కళ్లతో చూడగలిగే ఉదాహరణ ఉంటే చెప్పమన్నారు. ఉంది, మీ ఊళ్లోనే ఉంది. నేను 2013 నుంచి 2018 వరకు ప్రకాశం జిల్లాలో మా ఊరి పంచాయతీకి వార్డు మెంబరుగా చేశాను. మా వార్డు మహిళలకు రిజర్వ్ అయింది కాబట్టి నిలబడ్డాను. లేకపోతే నా పేరు ఎవరూ తలచేవాళ్లు కాదు.

ముందు పద్ధతుల సంగతి. సర్పంచ్‌ను ఊరి ఓటర్లంతా నేరుగా ఎన్నుకుంటారు. ఎంపీపీని, అంటే మండల పరిషత్ అధ్యక్షుణ్ణి, అలా కాదు. మనం ఎంపీటీసీలను, అంటే మండల పరిషత్ సభ్యులను, గెలిపిస్తాం, వాళ్లు తమలో ఒకరిని ఎంపీపీగా ఎన్నుకుంటారు. ఇప్పుడు వీళ్లను దించేది ఎవరో చూడండి. ఎంపీటీసీలు అవిశ్వాసం పెట్టి ఎంపీపీని దించొచ్చు. సర్పంచ్ మీద మాత్రం వార్డు మెంబర్లమంతా ఒక్కటైనా అవిశ్వాసం పెట్టలేం. తప్పు చేసినట్టు తేలితే చర్య తీసుకునేది కలెక్టర్. ఉప సర్పంచ్‌ను మేమే ఎన్నుకున్నాం కాబట్టి ఆ పదవి విషయంలో అవిశ్వాసం మా చేతిలో ఉంటుంది. ఢిల్లీలో ప్రధాని పరిస్థితి ఎంపీపీ లాంటిది. లోక్‌సభ మద్దతు ఉన్నంతవరకే పదవి, ఇదే పార్లమెంటరీ పద్ధతి. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది గుర్తుందా, అదీ సంగతి. అధ్యక్ష పద్ధతిలో ఉండే అమెరికా అధ్యక్షుడు ఈ విషయంలో సర్పంచ్‌కు దగ్గర. పని నచ్చలేదని కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఆయన్ని ఇంటికి పంపలేదు, నేరం మోపి అభిశంసన జరపాలి. పోలిక అక్కడివరకే, మిగతా విషయాల్లో సాగదీయకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎమ్మెల్యేకు, ఎంపీకి, సర్పంచ్‌కు ఓటేసి మన తరఫున పని చేయమంటే అది పరోక్షం. మనమే కూర్చుని తేల్చుకుంటే ప్రత్యక్షం. అలా కూర్చునే చోటు మన రాజ్యాంగంలో ఉంది, గ్రామసభ. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పంచాయతీ పరిధిలో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. ఎవరూ ఎన్నుకోనక్కర్లేదు, ఐదేళ్లకు గడువు తీరిపోదు. పంచాయతీ రద్దయి ప్రత్యేకాధికారి వచ్చి కూర్చున్నా గ్రామసభ ఉంటుంది.

కాగితం మీద ఇంత గొప్పది, మా ఊళ్లో ఎలా జరిగేదో చెప్తాను. మొదటి రెండు సభలకు నేను వెళ్లనే లేదు. తీర్మానాల పుస్తకమే మా ఇంటికొచ్చింది. పొయ్యి దగ్గర ఉన్నాను, పంచాయతీ మనిషి గుమ్మంలో నిలబడి పేజీ తిప్పి చూపించాడు. పైన తేదీ, అడుగున వరసగా సంతకాలు, వేలిముద్రలు, మధ్యలో అంతా ఖాళీ. 'సంతకం పెట్టమ్మా, తర్వాత రాసుకుంటాం' అన్నాడు. చెయ్యి తుడుచుకుని పెట్టేశాను. ఆ రెండు సంతకాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. నన్ను నమ్మి ఓటేసిన వాళ్ల మాటను నేనే ఖాళీ కాగితంగా ఇచ్చేశాను కదా.

2015లో కేంద్రం ఇచ్చే పద్నాలుగో ఆర్థిక సంఘం నిధులు నేరుగా గ్రామ పంచాయతీలకు రావడం మొదలయ్యాక నాకు కొంచెం పట్టుదల వచ్చింది. ఆ ఏడాది సభకు వెళ్లి, సంతకం పెట్టేముందు ఖర్చుల లెక్క పైకి చదవమని అడిగాను. నా గొంతు నాకే వినపడనంత టెన్షన్. కార్యదర్శి చదివారు. వీధి దీపాల దగ్గరికి వచ్చేసరికి మా వార్డులో ఇరవై రెండు వేసినట్టు రాసి ఉంది. నేను ముందురోజు సాయంత్రం పిల్లాణ్ణి వెంటబెట్టుకుని స్తంభం స్తంభం లెక్కపెట్టి వచ్చాను. వెలిగేవీ, వెలగనివీ కలిపి తొమ్మిది. ఆ అంకె చెప్పగానే అప్పటిదాకా చెట్టు కింద దూరంగా నిలబడ్డవాళ్లు ముందుకు జరిగారు. ఒక పెద్దాయన 'మా వీధిలో ఎన్ని రాశారో కూడా చదవండయ్యా' అన్నారు. ఆ రోజు పెద్ద అద్భుతమేమీ జరగలేదు. కానీ వీధులవారీగా దీపాల లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయడం అప్పటినుంచే మొదలైంది.

అంతమాత్రాన ప్రత్యక్ష ప్రజాస్వామ్యమే మేలని రాయకండి. అదే సభలో ఎస్సీ కాలనీకి మురుగుకాలువ ముందు వేయాలా, సెంటర్‌లో సిమెంటు రోడ్డు ముందు వేయాలా అని చేతులెత్తమన్నారు. కాలనీ నుంచి ముప్పైమంది దాకా ఆడవాళ్లు వచ్చారు. కాలువకు లేచిన చేతులు నాలుగో, ఐదో. సభ అయ్యాక ఒకామెను 'ఏంటక్కా, మీరే ఎత్తకపోతే ఎలా?' అని అడిగాను. 'కూలి ఇచ్చే ఆయన ఎదురుగా కూర్చున్నాడు కదమ్మా. రేపు మిరపకోతకు పిలవకపోతే?' అంది. సర్పంచ్ ఎన్నికలో బ్యాలెట్ మీద ముద్ర వేసేటప్పుడు ఆమెకు ఆ భయం లేదు. రహస్య ఓటు ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ తెలియలేదు. స్విట్జర్లాండ్‌లో గ్లారస్, అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే రెండు క్యాంటన్లలో (మన రాష్ట్రాల్లాంటివి) ఇప్పటికీ జనం మైదానంలో గుమిగూడి చేతులెత్తి నిర్ణయిస్తారు, పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. ఆ అపెంజెల్‌లో ఆడవాళ్లకు క్యాంటన్ వ్యవహారాల్లో ఓటు వచ్చింది 1990లో, అదీ కోర్టు చెప్పాక.

చేతులెత్తడానికి భయపడని చోట గ్రామసభ ఎంత చేయగలదో చూడాలంటే మన పక్కనే ఒడిశాలోని నియమగిరి కథ చదవండి. కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. వాళ్లందరిదీ ఒకటే బాధ, ఒకటే కొండ. మా ఊళ్లో కూలి ఇచ్చేవాడూ, కూలికెళ్లేవాళ్లూ ఒకే జంపఖానా మీద కూర్చుంటారు, ఆ తేడా పరీక్షలో అడగరు గానీ మీకు తెలిసి ఉండాలి.

కాలువ సంగతి ఏమైందంటారా? తర్వాతి సభకు ముందు కాలనీ ఆడవాళ్లూ నేనూ కలిసి ఇల్లిల్లూ తిరిగి అర్జీ మీద సంతకాలు పెట్టించాం. ఒక్కరి చేయి కాకుండా అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటే పనికి ఎవరిని పిలవడం మానేస్తారు? అర్జీని సభలో నేనే చదివాను, తీర్మానం అయింది. 2017 వేసవిలో పని మొదలుపెట్టి చర్చి మలుపు దాకా తెచ్చారు. అక్కణ్ణుంచి చెరువు దాకా రావాల్సిన ముక్క నా పదవీకాలం అయిపోయేనాటికి ఇంకా మట్టికాలువగానే ఉంది.