‘నాతోని కాలే’ అని రాసే ముందు

చెల్లెకు,

నీ కథ అందింది. మిర్చి రైతు, సరుకు కొనే అడ్తిదారు, ముందే సొమ్ము తీసుకుని రాసిన బయానా కాగితం, కాంటా దగ్గరి లొల్లి అన్నీ వరంగల్ ఎనుమాముల మార్కెట్ తెలిసిన మనిషి రాసినట్టే ఉన్నాయి. తీర్పు దగ్గరే కథ జారిపోయింది. ఒప్పుకున్న మిర్చి ఇయ్యలేకపోయిన రైతు కోర్టులో “నాతోని కాలే సారూ” అంటాడు. జడ్జి వెంటనే, అసాధ్యమైన పనిని చట్టం ఎవరినీ చేయమనదని చెప్పి రైతును గెలిపిస్తాడు. ఆ సూత్రం ఉన్నదే. అది నీ రైతుకు ఎట్ల వర్తిస్తుందో మాత్రం నువ్వు చెప్పలేదు.

ఊర్లో కూలోళ్లు దొరక్కపోయినా “అయితలేదు” అంటారు, చేతిలో పైసలు లేకపోయినా అంటారు, ఇయ్యబుద్ధి కాకపోయినా అదే అంటారు. వినేవాళ్లు మొహం చూసి తెలుసుకుంటారు. సంభాషణలో ఆ మాటను దిద్దకు, అట్లనే ఉండనీ. కోర్టులో మాత్రం లాయరు దాన్ని విప్పాలి. ఏ పని కాలేదు? ఎప్పటి నుంచి కాకుండా పోయింది? ఎవరి వల్ల? సంతకం పెట్టేనాడే ఆ సంగతి తెలుసా? ఇంకోటి, కాలేదన్నవాడే రుజువు చూపాలి. పంట నష్టం మీద వ్యవసాయ అధికారి రాసిన కాగితం, పురుగుమందుల బిల్లులు, పక్క చేను రైతు సాక్ష్యం, ఇవేవీ నీ కథలో లేవు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 56వ సెక్షన్ చదువు. మూడు పేరాలే. మొదటి నుంచే కాని పనికి ఒప్పుకుంటే ఆ ఒప్పందం చెల్లదు. మంత్రంతో నిధి కనిపెడతానని ఒప్పుకోవడం చట్టమే ఇచ్చిన ఉదాహరణ. రెండో పేరా నీ కథకు కావాల్సింది: ఒప్పుకున్ననాడు అయ్యే పనే, తర్వాత కాకుండా పోతే అప్పటి నుంచి ఒప్పందం చెల్లదు. మూడోదాన్ని కథలు రాసేవాళ్లు దాదాపు పట్టించుకోరు. కాదని మాట ఇచ్చినవాడికి ముందే తెలుసు, లేదా కాస్త విచారిస్తే తెలిసేది, అవతలివాళ్లకు తెలియదు. అప్పుడు ఆ మాట ఇచ్చినవాడే నష్టపరిహారం కట్టాలి. మంచి కథ ఉన్నది అక్కడే అని నా నమ్మకం.

కాకపోవడమంటే అక్షరాలా చేయలేకపోవడమే కానక్కర్లేదని సత్యబ్రత ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఉద్దేశంతో ఒప్పుకున్నారో దాని పునాదే కూలిపోయినా చాలు. అయినా ఆ కేసులో ఒప్పందం నిలిచింది. కలకత్తాలో ప్లాట్లు వేసే భూమిని యుద్ధకాలంలో ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది. ఇక పని కాదని ప్లాట్లు అమ్మిన కంపెనీ అన్నది. రోడ్లు, డ్రైన్లు వేయడానికి కాగితంలో గడువే లేదు గనుక ఆలస్యంతో ఒప్పందం కూలిపోలేదని కోర్టు తేల్చింది. నీ బయానా కాగితంలో సరుకు అప్పగించే తేదీ ఎందుకు ఉండాలో ఇప్పుడు అర్థమైందా?

రేటు పెరిగి గిట్టుబాటు కాలేదంటే రైతు ఓడిపోతాడు. సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన ఏజెంట్ల కేసులో 1960లోనూ, ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిన కరెంటు కంపెనీల కేసులో 2017లోనూ సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు.

నీ కథ అసలు తిరగాల్సింది ఒక్క వాక్యం మీద. “తేజ మిర్చి 50 క్వింటాళ్లు” అని మాత్రమే రాసుకుంటే, చేనంతా నల్ల తామర పురుగుకు పోయినా ఖమ్మంలోనో ఎనుమాములలోనో కొని ఇవ్వొచ్చు. అంటే పని అయ్యేదే. “ఫలానా సర్వే నంబరు చేనులో పండిన మిర్చి” అని ఉంటే బయట కొన్నది ఆ సరుకే కాదు. 1876లో ఇంగ్లండులో ఇట్లాంటి తీర్పే వచ్చింది. ఒక పొలంలో పండే 200 టన్నుల ఆలుగడ్డకు ఒప్పందం, తెగులు సోకి దాదాపు 80 టన్నులే చేతికొచ్చాయి. మిగతాదానికి రైతు బాధ్యుడు కాడన్నారు. అయితే పంట పోవడం రైతు చేజేతులా చేసుకున్నది కావద్దు. ఎక్కువ రేటుకు ఇంకొకరికి అమ్మేసి ‘కాలే’ అంటే చెల్లదు.

గెలిచినా బయానా మిగలదు. 65వ సెక్షన్ ప్రకారం తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆ సొమ్ము ఎప్పుడో విత్తనాలకు, కైకిళ్లకు ఖర్చయిపోయి ఉంటుంది. గెలిచిన రైతు ఆ పైసలు ఎక్కడి నుంచి తెస్తాడు? జడ్జి ఉపన్యాసం తీసేసి ఇది రాయి.

కథను కౌలు మీదికి మార్చాలనుకుంటే జాగ్రత్త. భూమి కౌలుదారు చేతికొచ్చాక 56వ సెక్షన్ పనికిరాదని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దొంగతనం కథలోనైతే పని కాకపోవడం నిందితుణ్ణి కాపాడదు. ఖాళీ జేబులో చేయి పెట్టినవాడు కూడా దొంగతనానికి ప్రయత్నించినవాడే. పాత శిక్షాస్మృతి ఐపీసీ 511వ సెక్షన్‌లో ఉన్న ఈ ఉదాహరణ 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 62వ సెక్షన్‌లో ఉంది.

తీర్పును ఇప్పుడే తిరగరాయకు. ముందు ఆ బయానా కాగితాన్ని మొదటి వరస నుంచి సంతకాల దాకా పూర్తిగా రాసి పంపు. సరుకు పేరు, ఎంత, ఏ చేనుది, ఏ తేదీకి, ఏ రేటుకు, బయానా ఎంత, సాక్షులెవరు. కథలో అది రెండు వరసలే కనబడొచ్చు, నీ దగ్గర మాత్రం మొత్తం ఉండాలి.

ఇట్లు,
మీ అన్న
హన్మకొండ