టెక్ సందేహాలు: ఈసీఎం మార్చాక బండి స్టార్టయి ఆగిపోతోందా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం బండ్లలోని కంట్రోల్ బాక్సుల గురించే. ఇంజిన్‌ని నడిపే ఈసీఎం, లైట్లూ డోర్ లాకులూ చూసే బీసీఎం, మీటర్ బోర్డు: వీటిలో ఏది మార్చినా అందరూ ఇరుక్కుంటున్నది ఒక్కచోటే. బాక్సు బిగించడం పది నిమిషాల పని. అది ఏ బండిలో ఉందో దానికి తెలియజెప్పడమే అసలు పని. అందుకు కావలసిన సమాచారం చాలావరకు మీరు విప్పేసిన పాత బాక్సులోనే ఉంటుంది. దాన్ని స్క్రాప్‌లో వేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి.

ప్రశ్న: మా డీజిల్ ట్యాక్సీ వాననీళ్లలో ఆగిపోయింది. ఈసీఎం పోయిందన్నారు. అదే పార్ట్ నెంబరున్న సెకండ్‌హ్యాండ్ బాక్సు తెచ్చి బిగిస్తే ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతోంది. డీజిల్ పంపు కూడా మార్చాలంటున్నారు. (ట్యాక్సీ యజమాని, తిరుపతి)

పంపు జోలికి వెళ్లకండి. స్టార్టయి వెంటనే ఆగిపోవడం ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు) అడ్డుపడుతోందనడానికి బలమైన గుర్తు. కీ ఆన్ చేసినప్పుడు మీటర్‌లో తాళంచెవి లేదా తాళం బొమ్మ లైటు ఆరకుండా మెరుస్తూ ఉందేమో చూడండి. బండి బాక్సుల్లోని లోపాలు చదివే స్కానర్‌లో ఇమ్మొబిలైజర్ లోపం కోడ్ కూడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

మీ తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉన్న కాయిల్ దాని నెంబరు చదివి ఇమ్మొబిలైజర్‌కి అందిస్తుంది. ఆ తర్వాత ఇమ్మొబిలైజర్, ఈసీఎం తమ మధ్య ఉన్న రహస్య కోడ్‌ని సరిచూసుకుంటాయి. అది కలిస్తేనే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు అనుమతి. మీరు తెచ్చిన బాక్సులో వేరే బండి రహస్యం ఉంది కాబట్టి అది మీ బండిని దొంగ చేతిలో ఉన్నట్టే చూస్తుంది. పార్ట్ నెంబరు ఒకటే అయినంత మాత్రాన లోపలి సాఫ్ట్‌వేర్, కోడింగ్ ఒకటి కావు. లేబుల్ మీద హార్డ్‌వేర్ నెంబరు, సాఫ్ట్‌వేర్ నెంబరు విడిగా ఉంటే రెండూ పోల్చి చూడండి.

మీ ముందున్న దారుల్లో మొదటిది, నా ఉద్దేశంలో మేలైనది, పాత బాక్సు డేటాని కొత్తదాంట్లోకి ఎక్కించడం. దీన్నే క్లోనింగ్ అంటారు. పాత ఈసీఎం చెడినా లోపలి మెమరీ చిప్ చాలాసార్లు బతికే ఉంటుంది. ఎనిమిది కాళ్ల ఆ చిన్న ఈఈప్రామ్‌లో ఇమ్మొబిలైజర్ రహస్యం, బండి 17 అక్షరాల ఛాసిస్ నెంబరు వంటివి ఉంటాయి. కొన్ని రకాల్లో ఈ డేటా ప్రాసెసర్ లోపలే ఉంటుంది. పని చేసేవారిని ఒక్కటి గట్టిగా అడగండి: పాత బాక్సుని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లనూ పోల్చమనండి. అవి తేడాగా ఉంటే కనెక్షన్ సరిగా లేదని అర్థం, ఆ ఫైలుని రాయకూడదు. సెకండ్‌హ్యాండ్ బాక్సులో ఉన్న డేటాని కూడా చెరపకముందే కాపీ తీసి దాచాలి. సాఫ్ట్‌వేర్ నెంబర్లు వేరైతే ఈఈప్రామ్ ఒక్కటే కాదు, సాఫ్ట్‌వేర్ ఉండే ఫ్లాష్ మెమరీలోని డేటా కూడా మార్చాలి.

పాతది చదవడానికి వీలు కాకపోతే, సెకండ్‌హ్యాండ్ బాక్సుని ఖాళీ స్థితికి తెచ్చి, అంటే వర్జిన్ చేసి, మీ ఇమ్మొబిలైజర్‌తో జత చేయాలి. దానికి బండి సెక్యూరిటీ పిన్ కావాలి. ఆర్సీ, గుర్తింపు కార్డు పట్టుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ వెంట తీసుకెళ్లండి. చాలా బండ్లలో కొత్తగా నేర్పేటప్పుడు ఎదురుగా లేని చెవులు మెమరీలోంచి పోతాయి, తర్వాత బీరువాలోని స్పేర్ కీ పనిచేయదు. పిన్ తెలియకుండా ఊహించి కొట్టనివ్వకండి. తప్పులు పెరిగేకొద్దీ మాడ్యూల్ కొంతసేపు తలుపు మూసేస్తుంది. ఈ రెండూ కుదరకపోతే కొత్త బాక్సే గతి, ఖర్చు ఎక్కువైనా.

ఇంతకీ పాత ఈసీఎం నిజంగా పోయిందా? నీళ్లలో ఆగిన బండ్లలో కనెక్టర్ పిన్నులు, ఎర్తు వైర్లు, ఈసీఎంకి కరెంటు అందించే మెయిన్ రిలే పాడై ఈసీఎం మీద నింద పడటం చాలా మామూలు. బాక్సుని దోషి అనే ముందు ఇవి చూడండి.

ఈసీఎం కనెక్టర్ విప్పి, పవర్ పిన్నుకీ ఎర్తు పిన్నుకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. కీ ఆన్‌లో అది నిండుగా వెలగాలి. మల్టీమీటర్ 12 వోల్టులు చూపించినా బల్బు గుడ్డిగా వెలిగితే వైరు లోపల తుప్పు తినేసిందని అర్థం. మెయిన్ రిలేని ఈసీఎమ్మే ఆన్ చేసే బండ్లలో ఈ పరీక్షకు రిలే పిన్నులు తాత్కాలికంగా కలపాలి. ఈ బల్బుని సెన్సార్ వైర్ల మీద మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు.

తర్వాత కనెక్టర్ తిరిగి పెట్టి, ఇంజిన్ తిప్పుతూ బ్యాటరీ నెగటివ్‌కీ ఈసీఎం ఎర్తుకీ మధ్య వోల్టేజి కొలవండి. 0.1 వోల్టు దాటితే ఎర్తు బాగాలేదు. సెన్సార్లకు వెళ్లే 5 వోల్టుల లైను కూడా చూడండి. అది పడిపోయి ఉంటే సెన్సార్లు ఒక్కొక్కటే విప్పండి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే. రెండు వేల రూపాయల సెన్సారుకి పాతిక వేల బాక్సు మార్చిన బండ్లు ఉన్నాయి.

2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో కార్లు మునిగినప్పుడు జరిగినట్టు మళ్లీ నీళ్లు చేరితే, కీ తిప్పి చూడాలన్న ఆరాటం ఆపుకోండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి. తడిసిన పిన్నుల్లో కరెంటు పారుతుంటే ఒక్క రోజులోనే పచ్చటి చిలుము పట్టి రాగి తినేస్తుంది. కరెంటు లేకుండా తడిసిన బాక్సు చాలాసార్లు బతుకుతుంది.

ప్రశ్న: టమోటా లోడ్లు కొట్టే పికప్‌కి కొత్త ఈసీఎం వేయించాం. స్టార్టవుతోంది కానీ నల్లపొగ, టకటకమని శబ్దం, ఎత్తు మీద లాగడం లేదు. పాత ఈసీఎంతో ఈ ఇబ్బంది లేదు. (పలమనేరు)

ఇమ్మొబిలైజర్ జత అయింది, కోడింగ్ సగంలో వదిలేశారు. కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్లు ఒకే అచ్చులో వచ్చినా ప్రతిదీ కాస్త ఎక్కువో తక్కువో డీజిల్ చిమ్ముతుంది. ఆ తేడాని ఫ్యాక్టరీలో కొలిచి, అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్‌గా ఇంజెక్టర్ తల మీద చెక్కుతారు. ఈసీఎం ఆ కోడ్‌ని బట్టే ఒక్కో సిలిండర్‌కి చిమ్మే సమయం సవరించుకుంటుంది. కొత్త బాక్సులో ఆ స్థానాలు ఖాళీగానో, వేరే విలువలతోనో ఉంటే మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి.

ఇంజిన్ కవర్ తీసి, తలలు శుభ్రం చేసి, నాలుగు కోడ్‌లూ ఫొటో తీయించండి. సున్నాకీ ఓ అక్షరానికీ, 8కీ బీకీ తేడా జాగ్రత్తగా చూడాలి. సిలిండర్ వరుస ఏ వైపు నుంచి మొదలవుతుందో మాన్యువల్‌లో సరిచూసుకోవాలి. రెండో సిలిండర్ కోడ్ మూడోదాంట్లో రాస్తే అసలు రాయనట్టే.

మీది బీఎస్6 బండి, అంటే 2020 ఏప్రిల్ 1 తర్వాత రిజిస్టరైనదైతే, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లెక్క కూడా చూడాలి. డీపీఎఫ్‌లో మసి కాలిపోతుంది, బూడిద కాలదు. ఎంత బూడిద పేరుకుందో పాత ఈసీఎం లెక్క పెడుతూ వచ్చింది. కొత్తది సున్నా నుంచి మొదలెడితే ఫిల్టర్ కొత్తదనుకుని తప్పుడు సమయాల్లో రీజెనరేషన్, అంటే మసి కాల్చడం, చేస్తుంది. పాత విలువని స్కానర్‌తో కొత్తదాంట్లో ఎక్కించమనండి. పాత బాక్సు దాచమన్నది ఇందుకే.

అంతా అయ్యాక ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఏసీ, లైట్లు ఆపి, స్కానర్‌లో అడిగిన లెర్నింగ్‌లు పూర్తిచేయండి. తర్వాత లోడు లేకుండా సమతల రోడ్డు మీద 20, 30 కిలోమీటర్లు తిప్పి కోడ్‌లు మళ్లీ చూడండి. మొదటి ట్రిప్పే మొగిలి ఘాట్ దిగి లోడుతో ఎక్కాలనుకోకండి. ట్యాక్సీవాళ్లకూ ఇదే మాట: ముందు చంద్రగిరి రోడ్డులో తిప్పి చూసుకోండి, తిరుమల ఘాట్ ఆ తర్వాతే. మలుపులో బండి లింప్ మోడ్‌లోకి, అంటే ఇంజిన్ శక్తి తగ్గించుకునే స్థితిలోకి, జారితే వెనకొచ్చే బస్సుకి అది తెలియదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ల్యాప్‌టాప్ ఉన్నాయి. వీటితో ఈసీఎం ప్రోగ్రామింగ్ చేయవచ్చా? (మెకానిక్, చిత్తూరు)

వద్దు. బండి పరీక్ష సాకెట్‌లో (ఓబీడీ పోర్టు) గుచ్చే ఆ డాంగిల్ కోడ్‌లు చదవడానికి, లైవ్ డేటా చూడటానికి బాగా ఉపయోగపడుతుంది, దాన్ని అందుకే వాడుకోండి. ఫ్లాషింగ్‌లో, అంటే ఈసీఎంలోకి సాఫ్ట్‌వేర్ రాయడంలో, లక్షల బైట్లు వరుస తప్పకుండా వెళ్లాలి. చవక డాంగిల్‌కి ఆ స్థిరత్వం లేదు. దానికి జే2534 ప్రమాణం పాటించే ఇంటర్‌ఫేస్ గానీ కంపెనీ సొంత పరికరం గానీ కావాలి, అదీ వైరుతో.

ఫ్లాషింగ్ మధ్యలో బాక్సులు చచ్చేది ఎక్కువగా కరెంటు వల్లే. కీ ఆన్‌లో అరగంట, గంట ఉంచాలి. మధ్యలో రేడియేటర్ ఫ్యాన్ తిరగవచ్చు. 12.6 వోల్టులున్న బ్యాటరీ కూడా కళ్లముందే 12 కిందికి దిగుతుంది. 13 నుంచి 13.5 వోల్టుల మధ్య నిలకడగా ఇచ్చే పవర్ సప్లై పెట్టాలి, కనీసం 30 ఆంపియర్లది. మామూలు బ్యాటరీ ఛార్జర్‌లో కరెంటు అలల్లా వస్తుంది, పక్క బండి నుంచి జంప్ కేబుల్ వేసినా ఇదే బాధ. ల్యాప్‌టాప్‌లో స్లీప్, అప్‌డేట్లు ఆపేయండి. మన దగ్గర కరెంటు కోత సంగతి తెలిసిందే కాబట్టి ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉండాలి, పవర్ సప్లైకి ఇన్వర్టర్ ఉండాలి. మధ్యలో ఆగిపోతే కంగారుపడి వైర్లు పీకకండి. బూట్‌లోడర్ (సాఫ్ట్‌వేర్‌ని లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రామ్) బతికి ఉంటే చాలావాటికి మళ్లీ మొదటి నుంచి రాయవచ్చు.

స్కానర్ అసలు కనెక్ట్ కాకపోతే, బ్యాటరీ నెగటివ్ తీసి ఓబీడీ పోర్టులో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 60 దగ్గర ఉంటే క్యాన్ లైను (బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల జత) బాగుంది. 120 అంటే ఒక చివర రెసిస్టర్‌గానీ వైరుగానీ తెగింది. సున్నా దగ్గరైతే రెండు వైర్లూ కలిసిపోయాయి. గేట్‌వే (పోర్టుకీ లోపలి లైనుకీ మధ్య కాపలా ఉండే బాక్సు) ఉన్న కొత్త కార్లలో మాత్రం పోర్టు దగ్గరి కొలత లోపలి లైను గురించి ఏమీ చెప్పదు.

ప్రశ్న: బ్యాటరీ మార్చాక డ్రైవర్ వైపు అద్దం ఒక్క నొక్కుతో పైకి రావడం లేదు. మాడ్యూల్ పోయిందా? (రేణిగుంట)

పోలేదు, అద్దం హద్దులు మరిచిపోయింది. చాలా కార్లలో అద్దాన్ని పూర్తిగా దించి, తర్వాత స్విచ్ పైకి లాగి పట్టుకుని, పూర్తిగా మూసుకున్నాక కూడా మూడు నాలుగు సెకన్లు వదలకుండా ఉంచితే మళ్లీ నేర్చుకుంటుంది. అప్పటివరకు కిటికీలో పిల్లల చేతులు ఉండనివ్వకండి. హద్దులు నేర్చుకోని అద్దానికి చేయి అడ్డుపడితే ఆగే తెలివి ఉండదు.