నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికొచ్చాక: మానిటర్ లేకుండా ఎలా?

32 వారాలకే పుట్టిన మీ బాబు వచ్చే వారం ఇంటికొస్తున్నాడని, బరువు 1,800 గ్రాములు దాటిందని, అయినా సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉందని రాశారు. పక్కన మానిటర్ లేకపోతే వాడికి ఏదైనా అయితే మాకెలా తెలుస్తుంది, చూడ్డానికి వచ్చేవాళ్లను ఎలా ఆపాలి అని అడిగారు. మా పాప 31 వారాలకు పుట్టింది. ఇప్పుడు బడికెళ్తోంది. నేను డాక్టర్ని కాను, రాత్రి పాలు పట్టే డ్యూటీ చేసిన తండ్రిని. అక్కడి నుంచి చూసిందే చెబుతాను. మీ డాక్టర్ చెప్పినదానికీ నేను చెప్పినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

ముందు మానిటర్ సంగతి. ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ వార్డులో, ఆ యంత్రం ప్రధానంగా కాపలా కాసేది శ్వాస ఆగిపోవడాన్ని. నెలలు నిండని పిల్లల మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఇంకా పూర్తిగా తయారై ఉండదు, అందుకే మధ్యమధ్యలో ఊపిరి తీయడం మరచిపోతారు. దీనికి కెఫీన్ మందు ఇస్తారు. మామూలుగా ఆ మందు ఆపాక కూడా కొన్ని రోజులు గమనించి, శ్వాస ఆగడం గానీ గుండె వేగం పడిపోవడం గానీ లేదని నమ్మకం కుదిరాకే ఇంటికి పంపిస్తారు. అంటే వాడికి ఆ యంత్రంతో పని తీరిపోయిందన్న లెక్క. మీ బాబు విషయంలో కెఫీన్ ఎప్పుడు ఆపారో, ఆ తర్వాత ఎన్ని రోజులు చూశారో డిశ్చార్జ్‌కి ముందే అడగండి. ఆ ఒక్క జవాబుతో సగం భయం పోతుంది.

బజారులో కాలికి సాక్సులా తొడిగే మానిటర్లు దొరుకుతాయి. నిద్రలో జరిగే ఆకస్మిక మరణాలను ఆపుతాయన్న నమ్మకంతో ఇలాంటివి వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. డాక్టరే రాసిస్తే అది వేరే విషయం. మేము కొనలేదు. కొన్నవాళ్లు ఉత్తుత్తి అలారాలకు అర్ధరాత్రి లేచి కూర్చోవడం మాత్రం చూశాను.

యంత్రం బదులు మీకు కావాల్సింది వాడి మామూలు తీరు ఏమిటో తెలియడం. ఈ పిల్లలు నిద్రలో చాలా చప్పుడు చేస్తారు. మూలుగుతారు, ముక్కుతారు, మెలికలు తిరుగుతారు. గబగబా నాలుగు ఊపిర్లు తీసి, 5 నుంచి 10 సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. మొదటిసారి చూసినప్పుడు మన ఊపిరి ఆగుతుంది! కానీ ఒంటి రంగు మారకుండా, వాళ్లంతట వాళ్లే మళ్లీ అందుకుంటుంటే అది ఈ వయసులో మామూలే. 20 సెకన్లు ఆగినా, అంతకంటే తక్కువసేపే అయినా నీలంగానో పాలిపోయో తోటకూర కాడలా వాలిపోయినా అది మామూలు కాదు, అత్యవసరం.

ఊపిరి లెక్కపెట్టడం ఇప్పుడే నేర్చుకోండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం చూడండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, ఎందుకంటే ఊపిరి సమంగా ఉండదు. నిమిషానికి 60 దాటి, మళ్లీ లెక్కపెట్టినా అంతే ఉంటే డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, ప్రతి ఊపిరికీ మూలగడం, పెదవులు నాలుక నీలంగా మారడం, లేపినా లేవనంత మగత, వరుసగా రెండు పూటలు పాలు వద్దనడం, ఆకుపచ్చ వాంతి, 38 డిగ్రీలు లేదా ఆపైన జ్వరం: వీటిలో ఏది కనిపించినా పొద్దున దాకా ఆగొద్దు. ఒళ్లు చల్లబడి, వెచ్చగా పెట్టుకున్నా వేడెక్కకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. పెద్ద పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం వస్తుంది, ఇంత చిన్నవాళ్లకు ఒక్కోసారి ఒళ్లు చల్లబడుతుంది. ఈ మాట చాలామందికి తెలియదు.

డిశ్చార్జ్‌కి ముందు ఒక రాత్రి తల్లీబిడ్డలను నర్సుల పర్యవేక్షణలోనే వేరే గదిలో ఉంచే ఏర్పాటు కొన్ని ఆసుపత్రుల్లో ఉంటుంది. ఉంటే వదులుకోకండి. పసిబిడ్డకు ఊపిరి ఆగితే నోటితో ఊదడం, రొమ్ము మీద నొక్కడం ఎలాగో మీరిద్దరూ బొమ్మ మీద చేసి చూపించేదాకా నేర్పమని అడగండి. మేము దాన్ని వాడాల్సిన అవసరం రాలేదు. కానీ చేతికి వచ్చన్న ధైర్యంతోనే మొదటి వారం కాస్త కళ్లు మూయగలిగాం.

ఇక పాలు. ఇంట్లో మీ సమయంలో ముప్పాతిక వంతు దీనికే పోతుంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడింటినీ జత కలపడం, గర్భం నుంచి లెక్కిస్తే, సుమారు 34 వారాల వయసులో మొదలవుతుంది. మీ బాబు ఇప్పుడు ఆ దశ దాటి ఉంటాడు కానీ ఓపిక ఉండదు. నెలలు నిండిన బిడ్డ ఆకలేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. వీళ్లు ఏడవరు, నిద్రపోతారు. అందుకే "ఏడ్చినప్పుడు పడదాంలే" అని ఆగకూడదు. డాక్టర్ చెప్పిన వ్యవధిలో, మామూలుగా 2 నుంచి 3 గంటలకోసారి, రాత్రిళ్లు కూడా లేపి పట్టాలి. లెక్క ఒకసారి మొదలుపెట్టినప్పటి నుంచి ఇంకోసారి మొదలుపెట్టేదాకా, ముగించినప్పటి నుంచి కాదు. లేపాలంటే కప్పిన గుడ్డ తీయండి, డైపర్ మార్చండి, అరికాళ్లు నిమరండి.

పట్టేటప్పుడు తొందర పనికిరాదు, అలాగని గంటసేపు పట్టడమూ మంచిది కాదు. అరగంట దాటితే తాగిన పాల బలం తాగే శ్రమకే ఖర్చైపోతుంది. సీసాతో పడితే బిడ్డను ఒక పక్కకు, తల కాస్త ఎత్తులో ఉండేలా పట్టుకుని, సీసాను దాదాపు అడ్డంగా ఉంచండి. నాలుగైదు గుక్కలకోసారి పాలు సీసా రబ్బరు పీకలోకి రాకుండా సీసాను కిందికి వంచి, ఊపిరి తీసుకోనివ్వండి. మాకు ఈ పద్ధతి చూపించిన నర్సును ఎప్పటికీ మరచిపోను. అలసిపోయిన గుర్తులు కూడా ఆమే చెప్పింది: పెదవి చివర నుంచి పాలు కారడం, కనుబొమలు పైకెత్తడం, వేళ్లు విప్పార్చడం, మొహం తిప్పేసుకోవడం. అవి కనిపిస్తే ఆపి, భుజాన వేసుకుని త్రేన్పు రప్పించండి. మిగిలిన పాలు ఎలాగైనా తాగించాలని నోట్లో కుక్కితే పొలమారుతుంది.

తాగింది చాలుతోందా అన్న అనుమానం రోజుకి పదిసార్లు వస్తుంది. రోజుకు ఆరు, ఆపైన డైపర్లు తడుస్తున్నాయా, బరువు రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతోందా, ఈ రెండూ చూస్తే చాలు. రోజూ తూచకండి. ఒకసారి మూత్రం పోస్తే చాలు అంకె అటూఇటూ అయి మీ మనసు పాడవుతుంది. వారానికోసారి, ఒకే త్రాసు మీద, బట్టల్లేకుండా. పాలలో కలిపే బలం పొడి గానీ ఫార్ములా గానీ రాసిచ్చి ఉంటే చెప్పిన కొలతకు మించొద్దు, పలచన చేయొద్దు. ఆరు నెలల దాకా విడిగా నీళ్లు వద్దు, ఏడాది దాకా తేనె వద్దు, ఎవరెంత గట్టిగా చెప్పినా సరే. తాగాక కొంచెం కక్కడం మామూలే.

తల్లి నుంచి బిడ్డకు ఐరన్ నిల్వలు ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. ఆ మూడు నెలల్లోనే వీళ్లకు వారాలు కొరత పడ్డాయి కాబట్టి ఐరన్ చుక్కలు, వాటితో పాటు విటమిన్ డి రాసిస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఒక మిల్లీలీటర్‌లో ఎంత మందు ఉందన్నది ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. సీసా అయిపోయి వేరే కంపెనీది తెచ్చుకున్నప్పుడు పాత లెక్కనే చుక్కలు పోయకుండా, లేబుల్ చూపించి మళ్లీ అడగండి. మలం నల్లగా అయితే ఐరన్ వల్లే కావచ్చు, కానీ ఒకసారి డాక్టర్‌కి చెప్పండి.

వెచ్చదనానికి మీ ఛాతీని మించిన పరికరం లేదు. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగొటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతే కంగారూ కేర్. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత చేయమంటోంది. బిడ్డకు డైపర్, టోపీ మాత్రమే ఉంచి, మీ ఒంటికి వాడి ఒళ్లు తగిలేలా నిలువుగా ఎదకు హత్తుకుని, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి నొక్కుకోకుండా చూసి, పైన గుడ్డ చుట్టుకోవడమే. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది, దయచేసి మీ వారికి చదివి వినిపించండి. కళ్లు మూతలు పడుతుంటే మాత్రం బిడ్డను పక్క మీదకు మార్చండి, సోఫాలో అలాగే నిద్రపోవడం ప్రమాదం. చంకలో థర్మామీటర్ పెడితే 36.5 నుంచి 37.5 డిగ్రీలు ఉండాలి. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయని కంగారుపడి నాలుగు దుప్పట్లు కప్పకండి, మెడ వెనకో ఛాతీ మీదో తాకి చూడండి. ఉక్కపోత కూడా వీళ్లకు మంచిది కాదు.

నిద్ర ఎప్పుడూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు, బొమ్మలు, వదులు దుప్పటి లేకుండా, మీ గదిలోనే కానీ విడి పడకలో. ఎన్‌ఐసీయూలో బోర్లా పడుకోబెట్టడం చూసి ఉంటారు. అక్కడ మానిటర్ కళ్లప్పగించి చూస్తూ ఉంటుంది కాబట్టి చెల్లింది. ఇంట్లో పనికిరాదు.

చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి. తల్లి ఒంట్లోని రోగనిరోధక యాంటీబాడీలు బిడ్డకు చేరేదీ ఎక్కువగా చివరి వారాల్లోనే. కాబట్టి పెద్దలకు మామూలు జలుబే వీడిని మళ్లీ ఆసుపత్రికి పంపగలదు. ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి వివరించే ఓపిక మీకుండదు. "డాక్టర్ ఒప్పుకోవట్లేదండీ" అని డాక్టర్ మీదికి నెట్టేయండి. మేము అదే చేశాం, ఏ డాక్టరూ ఏమీ అనుకోలేదు. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు గడప లోపలికి రావద్దు. మిగతావాళ్లు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని దూరం నుంచి చూడాలి, ముద్దులు లేవు. సిగరెట్ తాగేవాళ్లు బయట తాగొచ్చినా ఆ పొగ బట్టలకు అంటుకుని వస్తుంది, వాళ్ల చేతికి ఇవ్వకండి. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు. మా పెద్దమ్మ కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత ఆవిడే సర్దుకుంది. రోజూ బిడ్డను ఎత్తుకునేవాళ్లు ఫ్లూ, కోరింత దగ్గు టీకాలు వేయించుకుంటే ఇంకా మంచిది.

వయసు లెక్క రెండు రకాలుగా వేసుకోవాలి. 40 లోంచి 32 తీసేస్తే 8 వారాలు. నవ్వడం, మెడ నిలపడం, బోర్లా పడటం ఇవన్నీ అసలు వయసులోంచి ఆ 8 వారాలు తగ్గించి చూడాలి, రెండేళ్లు నిండేదాకా ఇదే లెక్క. పక్కింటి బిడ్డతో పోల్చి మాట్లాడేవాళ్లకు ఇది చెప్పినా ఎక్కదు, మీకు తెలిస్తే చాలు. టీకాలకు మాత్రం ఈ తగ్గింపు లేదు. పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, డాక్టర్ ప్రత్యేకంగా ఆపమంటే తప్ప. "ఇంకా చిన్నగా ఉన్నాడు, ఆగుదాం" అని ఆలస్యం చేస్తే ఆ జబ్బులు తట్టుకోలేని వయసులోనే రక్షణ లేకుండా పోతుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది కంటి పరీక్ష. కంటి లోపలి రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా అల్లుకునేది నెలలు నిండే వేళకే. ముందే పుట్టినవాళ్లలో అవి దారి తప్పి పెరిగి, రెటీనాను లాగేసి చూపు పోగొట్టవచ్చు. దీన్నే ఆర్‌ఓపీ అంటారు. పైకి కన్ను కలువలా ఉంటుంది, తల్లిదండ్రులకు ఏమీ కనిపించదు. అవసరమైనవాళ్లకు రోజుల వ్యవధిలోనే చికిత్స జరగాలి. అందుకే ఒకసారి చూసి "రెండు వారాలాగి రండి" అంటే ఆ తేదీని వాయిదా వేయకండి. "ఇక రానక్కర్లేదు" అని కంటి డాక్టరే చెప్పాలి. వినికిడి పరీక్ష కూడా అయిందో లేదో కాగితాల్లో చూసుకోండి.

మీ సంగతి కూడా ఒక మాట. ఎన్‌ఐసీయూలో నర్సులు వంతులు మారుతూ చేసిన పనిని ఇంట్లో ఇద్దరే చేయాలి. రాత్రిని రెండు ముక్కలు చేసుకోండి. పిండి పెట్టిన తల్లిపాలు ఉంటే ఒక ముక్క మీ వారిది. ఇంటికొచ్చాక, అందరూ అంతా బాగైందనుకుంటున్నప్పుడే ఏడుపు, దడ, నిద్ర పట్టకపోవడం మొదలైన తల్లులు చాలామంది ఉన్నారు, మా ఇంట్లోనూ అయింది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని నీరసం ఖాతాలో వేయకుండా డాక్టర్‌తో చెప్పండి. మీకో బిడ్డకో ఏదో అయిపోతుందన్న ఆలోచనలు, ఏదైనా చేసేయాలన్న ఆలోచనలు వస్తే ఆ రోజే చెప్పండి.

డిశ్చార్జ్ సమ్మరీని ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. అర్ధరాత్రి ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే "బాబుకి బాగోలేదు" అని మొదలుపెట్టకండి. "32 వారాలకు పుట్టాడు, ఇప్పుడు ఇంత బరువు, నిమిషానికి ఊపిరి ఇన్నిసార్లు, జ్వరం ఇంత, చివరిసారి పాలు తాగింది ఫలానా గంటకు" అని చెప్పండి. అవతలివాళ్లు వెంటనే పనిలో పడతారు.