వంద బ్యాగులు చూసినా ఒక్కటీ కొనలేకపోతున్నా.. మెదడులో లోపమా?

ప్రశ్న: నా వయసు 38. ఆఫీసులో పనులన్నీ చకచకా చక్కబెడతాను. రాత్రి పాపకు స్కూల్ బ్యాగ్ కొందామని ఫోన్ తెరిస్తే మాత్రం గంటసేపు చూసి, ఏదీ తేల్చుకోలేక పక్కన పడేస్తున్నాను. నెల రోజులుగా ఇదే వరస. మెదడులో ఏమైనా తేడా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంఆర్‌ఐ తీయించుకోమంటారా?
- ఓ సోదరి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. మీరు రాసినదాన్నిబట్టి స్కాన్ అవసరం కనిపించడం లేదు. ఇంకా మంచిది దొరుకుతుందన్న ఆశ ఒకవైపు, అన్నిటినీ పోల్చి చూసే శ్రమ మరోవైపు. మెదడు ఈ రెండింటినీ తూకం వేస్తుంది. రకాలు పెరిగేకొద్దీ మొదట్లో ఆశ పెరుగుతుంది. ఒక దశ దాటాక అది అక్కడే ఆగిపోతుంది, శ్రమ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

అమెరికాలోని కాల్‌టెక్ పరిశోధకులు దీన్ని స్కానర్‌లో చూశారు. కప్పు మీద ముద్రించుకోవడానికి ఒక ప్రకృతి దృశ్యం ఎంచుకోమని కొందరికి 6, 12, 24 ఫొటోలు చూపించారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, లాభనష్టాలు బేరీజు వేసే భాగాలు 12 ఫొటోలప్పుడే ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. 6కీ 24కీ కూడా ఆ చురుకు తగ్గింది. అలాగని 12 మంత్రసంఖ్యేమీ కాదు. ఏం కావాలో ముందే తెలిసినవాళ్లకు ఎన్ని రకాలున్నా పెద్ద ఇబ్బంది ఉండదు.

ఇక రాత్రిపూటే ఎందుకంటారా? ఆరు గంటలకు పైగా కష్టమైన మెదడు పని చేసినవాళ్లలో నుదుటి వెనక భాగంలో గ్లుటమేట్ అనే రసాయనం పేరుకుంటున్నట్టు 2022లో పారిస్ పరిశోధకులు గుర్తించారు. అలా అలసినవాళ్లు శ్రమ తక్కువగా ఉన్న దారికే మొగ్గారట. మీరు ఫోన్ పక్కన పడేయడమూ అలాంటిదే కావచ్చు.

మా ఇంటావిడతో చీరల షాపుకెళ్లినప్పుడు చూస్తుంటాను. చేయి తిరిగిన సేల్స్‌మన్ వద్దన్న చీరను వెంటనే మడతపెట్టి వెనక్కి తోసేస్తాడు. కళ్లముందు రెండు మూడే మిగులుతాయి. ఫోన్ ఆ పని చేయదు, మీరే చేయాలి. ధర, సైజు, రంగు ముందే కాగితం మీద రాసుకోండి. ఆదివారం పొద్దున చూడండి. నాలుగు ఎంచి, వాటిలో ఒకటి కొనేసి, ఆ యాప్ మళ్లీ తెరవకండి.

రెండు వారాలకు పైగా నిద్ర సరిగా పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, రోజూ చేసే పనుల్లోనే తడబాటు, ఒకే విషయాన్ని పదేపదే సరిచూసుకోకుండా ఉండలేకపోవడం.. వీటిలో ఏదైనా ఉంటే మాత్రం సైకియాట్రిస్టును కలవండి. స్కాన్ కావాలో వద్దో వాళ్లే చెబుతారు.