నాన్నగారి పేరున ఉన్న బండి అమ్మాలి, సంతకం నేనే పెట్టెయ్యొచ్చా?

మీ ప్రశ్న చదవగానే నా పాత స్కూటీ గుర్తొచ్చింది. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. నిజామాబాద్‌లో ఇంటి ముందు నాన్నగారి 2018 యాక్టివా ఉంది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. అమ్మగారికి బండి నడపడం రాదు, మీరు బెంగళూరులో, చెల్లెలు అత్తగారింట్లో. పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ అతను ముప్పై రెండు వేలకు బేరం ఖాయం చేసి, పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీ చేతిలో పెట్టి, "నాన్నగారి సంతకం మీరే పెట్టెయ్యండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

పెట్టకండి. అసలు ఆ మాట అన్నవాడితో బేరమే పెట్టుకోకండి.

ఫారం 29 ఒకసారి తీరిగ్గా చదవండి. ఫలానా బండిని ఫలానా తేదీన ఫలానా వారికి అమ్మి అప్పగించాను అని ఓనరు చెప్పే మాట అది. నాన్నగారు పోకముందు తేదీ వేస్తే జరగని అమ్మకం, పోయిన తర్వాత తేదీ వేస్తే లేని మనిషి సంతకం. ఎటు వేసినా ఫోర్జరీయే. రేపు ఏదైనా తేడా వస్తే ఆ రాత ఎవరిదని అడుగుతారు. కన్సల్టెన్సీవాడు మీ వంకే చూపిస్తాడు. "అందరూ ఇలాగే చేస్తారు" అంటాడు, అదీ నిజమే. చాలామంది చేస్తారు, చాలామందికి ఏమీ కాదు. నాకు అయింది. నేను పెట్టింది నా సొంత సంతకమే, అయినా అయింది.

2016 వేసవిలో మా ఇంటికి కారు వచ్చాక, నా ఏపీ 36 నంబరు స్కూటీని హన్మకొండలో ఒక కన్సల్టెన్సీకి పదిహేడు వేలకు ఇచ్చేశాను. పేరెందుకు లెండి. ఫారాల్లో కొనేవాళ్ల పేరు రాసే చోటు ఖాళీ, తేదీ ఖాళీ, కింద నా సంతకం మాత్రం నిండుగా. "కస్టమర్ దొరకగానే నెలలో మార్పించేస్తాం మేడం" అన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చి, బండిని మర్చిపోయాను. కాలేజీలో పిల్లల పరీక్షలు, ఇంట్లో పనులు, ఎవరికి గుర్తుంటుంది!

రెండేళ్ల తర్వాత ఫోన్‌కి చలానా మెసేజ్ వచ్చింది. సైట్‌లో ఫొటో చూస్తే నా స్కూటీ మీద ముగ్గురు కుర్రాళ్లు, ఒక్కడికీ హెల్మెట్ లేదు. వెనక మా అమ్మాయి మూడో క్లాసులో అంటించిన వినాయకుడి స్టిక్కర్ అలాగే ఉంది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. మొదటి రెండు చలానాలు తల వంచుకుని నేనే కట్టాను. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "చూస్తాం మేడం" అన్నారు. అప్పుడైనా వెళ్లి పట్టుకుని ఉండాల్సింది. నేనూ "చూద్దాంలే" అనుకున్నాను.

2019లో పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. స్కూటీ ఒక పెద్దాయనను గుద్దింది, కాలు విరిగింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. నేను అమ్మిన ఏడాదికే అయిపోతే ఎవరూ రెన్యూ చేయించలేదు. "ఆర్‌సీలో మీ పేరే ఉంది కదా మేడం" అన్నారు. ఆ పోలీసాయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కన్సల్టెన్సీ ఉన్న చోటుకి పరుగెత్తితే అక్కడ కర్రీ పాయింట్ నడుస్తోంది. బండి నాలుగు చేతులు మారింది. నా సంతకం ఉన్న ఆ ఖాళీ ఫారాలే చేతి నుంచి చేతికి వెళ్లాయి, ఏ ఒక్కరూ తమ పేరు రాసుకోలేదు. ఎందుకు రాసుకుంటారు? రాసుకోకపోతే వాళ్లకొచ్చిన నష్టమేమీ లేదు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. నా వాటా నలభై వేలు, వకీలు ఫీజు వేరే. పదిహేడు వేలకు అమ్మిన బండికి!

మా వకీలు అప్పుడు నాకు సుప్రీంకోర్టు తీర్పొకటి చూపించాడు, 2018 ఫిబ్రవరిది. అందులోనూ ఇదే కథ. కారు ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడుపోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరునే ఉండిపోయింది. 2009లో ప్రమాదం జరిగింది. నేను ఎప్పుడో అమ్మేశాను మొర్రో అని ఆయన మొత్తుకున్నా కోర్టు ఒప్పుకోలేదు. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనరు వాళ్లే, దెబ్బ తిన్నవాళ్లు చేతులు మారిన ప్రతివాణ్నీ వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదని చెప్పింది. అప్పుడు నాకు చేదుగా అనిపించింది గానీ, కాలు విరిగిన పెద్దాయన వైపు నుంచి చూస్తే అదే న్యాయం.

అదీగాక మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో బండి అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి (రవాణా శాఖ ఆఫీసుకి) తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో. అంటే మొదటి బాధ్యత నాదే. పేరు మార్చుకోవడం కొన్నవాడి పని అని అంతవరకూ గట్టిగా నమ్మినదాన్ని నేను.

ఇక మీ సంగతి. నాన్నగారి పేరు నుంచి నేరుగా కొనేవాళ్ల పేరుకి దూకకండి. ముందు అమ్మగారి పేరుకి, అక్కడి నుంచి కొనేవాళ్లకి. రెండుసార్లు ఫీజు ఎందుకు దండగ అంటారేమో, అది పెద్ద మొత్తమేమీ కాదు. కేంద్ర నిబంధనల్లో టూవీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు 150 రూపాయలు, కారుకి 300. దాని మీద కార్డు ఖర్చు, సర్వీస్ చార్జీ, మీ విషయంలో ఆలస్య రుసుము కలుస్తాయి. ఎంత కలిసినా ఏజెంట్లు చెప్పే వేలకీ దానికీ పొంతనే ఉండదు.

ఓనరు చనిపోతే వాడే ఫారం 29, 30 కాదు, 31. చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు వారసుల పేరుకి దరఖాస్తు పెట్టాలి. మీకు ఎనిమిది నెలలు దాటింది. కంగారు పడకండి, ఆ ఇంట్లో ఎవరికి బండి గుర్తుంటుంది! 2021లో మా మామగారు పోయినప్పుడు ఆయన ఆల్టో కారు మేం ఏడాది దాకా ముట్టుకోలేదు. రుసుము కట్టించుకున్నారు, పని చేసి పెట్టారు. అయితే ఈలోగా ఆ బండిని రోడ్డెక్కించకండి. పక్కింటి అబ్బాయి "అంకుల్ బండి ఒకసారి ఇవ్వరా ఆంటీ" అని అడిగినా సరే.

మా అత్తగారి పేరుకి మార్చేటప్పుడు మేం పట్టుకెళ్లినవి: ఒరిజినల్ ఆర్‌సీ, మామగారి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అత్తగారి ఆధార్, ఫొటోలు, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్, ఇంకా మా వారూ, మా ఆడపడుచూ "అమ్మ పేరున మార్చడానికి మాకు అభ్యంతరం లేదు" అని రాసి నోటరీ చేయించిన అఫిడవిట్లు. ఈ ఫ్యామిలీ సర్టిఫికెట్‌కే మాకు ఎక్కువ రోజులు పట్టింది. మీసేవలో దరఖాస్తు పెట్టాక ఊళ్లో విచారణ చేస్తారు, ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తిప్పి పంపుతారు. మా మామగారి పేరు ఆర్‌సీలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. దానికి ఇంకో అఫిడవిట్. మీ నాన్నగారి కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని ఇవాళే చూసుకోండి.

ఆర్‌సీలో నామినీ పేరు ఉంటే ఈ తంతు చాలా తగ్గుతుంది. ఆ సదుపాయం 2021లో వచ్చింది కాబట్టి మీ బండికి ఉండకపోవచ్చు. మా కారుకి మాత్రం ఆ అనుభవం తర్వాత వెంటనే రాయించాను.

ప్రశ్న చివర్న మీరు తేలిగ్గా రాసేసిన మాట ఒకటుంది, "ఈఎంఐలు 2020లోనే అయిపోయాయి" అని. ఆర్‌సీ కార్డు తిప్పి చూడండి. ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉందా? ఉంటే అప్పు తీరినా కాగితం మీద తీరనట్టే. ఈఎంఐలు అయిపోగానే అదంతటదే పోదు. ఇక అప్పు లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, వాళ్ల సంతకం, ముద్ర పడిన ఫారం 35 పెట్టి హైపోథికేషన్ (బండి మీద అప్పుందన్న రాత) కొట్టేయించుకోవాలి. అప్పట్లో కంపెనీ పంపిన కవరు నాన్నగారి బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ ఆ ఎన్‌ఓసీలకు సాధారణంగా మూడు నెలలే గడువు వేస్తారు. లోన్ నంబరు, మరణ పత్రం పట్టుకుని బ్రాంచికి వెళ్లి కొత్తది అడగండి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు కంటే ముందు కదిలించాల్సిన పని ఇదే. చాలామంది ఆర్టీఏలో ముందుగా బుక్ చేసుకున్న స్లాట్ రోజున కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలుసుకుని తిరిగొస్తారు. మేమూ ఒకసారి తిరిగొచ్చాం.

నాన్నగారి ఫోన్ నంబరు ఇంకా బతికి ఉంటే ఆ సిమ్ పోనివ్వకండి. బండి రికార్డులో ఉన్నది ఆ నంబరే అయితే ఓటీపీలు దానికే వస్తాయి. చలానాలు కూడా చూసుకోండి, ఉంటే కట్టేయండి.

అమ్మగారి పేరున కార్డు వచ్చాక అమ్మకం సులువే. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. ఒక్క గడి కూడా ఖాళీ ఉంచకండి, ముఖ్యంగా కొనేవారి పేరు, అడ్రసు, తేదీ. స్లాట్ రోజున కొనేవాళ్లతోపాటు మీరో అమ్మగారో కూడా వెళ్లండి. "అమ్మేవాళ్లు రానక్కర్లేదు" అంటారు, అయినా వెళ్లండి. తాళం, మిగతా డబ్బు, ఒరిజినల్ ఆర్‌సీ ఆ రోజే చేతులు మారాలి. ఒక కాగితం మీద ఎన్ని గంటలకు బండి అప్పగించారో కూడా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. కొనేవారి ఆధార్ కాపీ, బండి పక్కన నిలబడ్డ ఫొటో ఉంచుకోండి. నా కేసులో అలాంటి ఫొటో ఒక్కటున్నా నలభై వేలు మిగిలేవని చెప్పను, పేరు మారనిదే అవేవీ పూర్తిగా కాపాడవు. కనీసం ఎవరి కోసం వెతకాలో తెలిసేది.

కొనేవాళ్లు నేరుగా దొరక్క డీలరుకే ఇవ్వాల్సి వస్తే, అతను రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకున్న డీలరేనా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి వచ్చింది. అలాంటి డీలరుకి బండి అప్పగిస్తే ఫారం 29సీ ద్వారా ఆర్టీఏకి సమాచారం వెళ్తుంది, అక్కడి నుంచి బాధ్యత అతనిది. బోర్డు పెట్టుకున్న ప్రతివాడికీ ఆ అనుమతి ఉండదు. 29సీ మాట ఎత్తగానే మీ కన్సల్టెన్సీ అతని మొహం ఎలా మారుతుందో చూడండి, మీకే అర్థమవుతుంది.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. బండితోపాటు పాలసీ కూడా కొన్నవాళ్ల పేరుకి మారాలి, దానికి వాళ్లు 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కవరేజీ బండితోనే వెళ్తుంది, సొంత బండి డామేజీ క్లెయిమ్ దగ్గరే పేచీ పెడతారు. కొనేవాళ్లకు ఇది చెప్తే ఆర్‌సీ మార్పుకి వాళ్లే తొందరపడతారు.

"పోనీ బండి నేనే బెంగళూరు తెచ్చుకోనా" అని కూడా అడిగారు. నాన్నగారి జ్ఞాపకంగా అయితే మీ ఇష్టం, అందులో నేను చెప్పేదేమీ లేదు. లెక్క ప్రకారమైతే వద్దు. పన్నెండు నెలలకు మించి కర్ణాటకలో ఉంచాలంటే ఇక్కడి నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఇక్కడ కట్టిన ట్యాక్స్ వెనక్కి రావడానికి ఇంకో దరఖాస్తు. ముప్పై రెండు వేల బండికి అంత తిరుగుడు ఎందుకు?

చెల్లెలు సంక్రాంతికి వస్తుందని రాశారు కదా. ఇద్దరూ ఊళ్లో ఉన్న ఆ రెండు రోజుల్లోనే అభ్యంతరం లేదన్న అఫిడవిట్లకు నోటరీ చేయించెయ్యండి. మీసేవలో ఫ్యామిలీ సర్టిఫికెట్ దరఖాస్తు మాత్రం పండుగ దాకా ఆపకుండా ఈ వారమే అమ్మగారితో పెట్టించండి.