శాసనంలో 'నిధి నిక్షేప' అని ఉంటే అక్కడ నిధి ఉన్నట్టా?

మీ ఊరి చెరువుకట్ట మీది రాతిశాసనంలో 'నిధి నిక్షేప జల పాషాణ' అన్న మాటలు ఉన్నాయనీ, కింద బంగారం ఉందని ఊళ్లో అనుకుంటున్నారనీ రాశారు. లేదండీ. దయచేసి ఎవరినీ తవ్వనివ్వకండి.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా గుడి ముందు నిలువెత్తు శాసనం రాయి ఉండేది. పైభాగాన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉండేవి. ఆ బొమ్మలు నిధికి గుర్తని ఎవరో ఒక రాత్రి దాన్ని పెకలించారు. తెల్లారి చూస్తే పెద్ద గుంత, పక్కన రెండు ముక్కలైన రాయి. విరిగినచోట మూడు వరుసల అక్షరాలు పొడిపొడి అయిపోయాయి. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ మాటల అర్థం నాకు చాలా ఏళ్లకు, మా నాయన కయ్య (సాగుచేసే మడి) కొన్నప్పుడు తెలిసింది. తిరుపతిలో దస్తావేజు రాసే ఆయన చదివి వినిపిస్తుంటే 'నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగములతో' అని వచ్చింది. ఉలిక్కిపడి ఆపించి అడిగాను. భూమితోపాటు చేతులు మారే ఎనిమిది హక్కులవి అన్నాడు. నిధి అంటే ఎప్పుడో పాతిపెట్టిన ధనం, నిక్షేపం అంటే దాచి ఉంచిన సొత్తు, ఒకవేళ దొరికితే. జలం నీళ్లు, పాషాణం రాళ్లు. అక్షిణి ఇప్పుడు నిలకడగా వస్తున్న రాబడి, ఆగామి ఇకముందు రాబోయేది. సిద్ధం ఇప్పటికే సాగులో ఉన్న నేల, సాధ్యం సాగులోకి తేగలిగిన నేల. భూమిని దానమిస్తూ వేయించే శాసనాల్లో, దానం పుచ్చుకున్నవాడితో రేపు ఎవరూ పేచీ పెట్టకుండా రాజులు ఇవన్నీ రాయించేవారు. మా కయ్య పత్రంలోనూ అందుకే రాశారు. అందులో బంగారం ఉందని కాదు కదా!

సూర్యచంద్రులు కూడా అంతే. శాసనాల్లో 'ఆచంద్రార్కం' అని చూస్తారు, అర్కుడంటే సూర్యుడు. ఆ ఇద్దరూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని అర్థం. చదువురానివాళ్లకూ తెలిసేలా అదే మాటను బొమ్మగా చెక్కేవారు. అలాగే శాసనాల్లో 'ధారాపూర్వకంగా' అని ఉంటే చేతిలో నీళ్లు ధారపోసి ఇచ్చారని. మన పెళ్లిళ్లలో కన్యాదానం చేసే పద్ధతే అది.

మీ రాయి చివర 'స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం' అన్న శ్లోకం ఉందేమో చూడండి. దానశాసనాల్లో తరచుగా కనిపిస్తుంది. తాను ఇచ్చినదానికన్నా ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడితే రెట్టింపు పుణ్యమని భావం. దొరికితే ఊళ్లోవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి.

ఒకవేళ నిజంగా ఏదైనా దొరికినా దానంతటదే తవ్వినవాళ్లది అయిపోదు, పాతిన నిధుల గురించిన 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాల్సిందే. రాయికి సున్నం, రంగు పూయనివ్వకండి. పొద్దున ఏటవాలు ఎండ పడేటప్పుడు ఫోటోలు తీసి కేంద్ర ప్రభుత్వ పురావస్తు శాఖకు పంపండి. మైసూరులో వాళ్లకు శాసనాల విభాగమే ఉంది.