పీవీసీ పైపులో తగరం ఎందుకు?

ప్రశ్న: మా వేరుశనగ చేనికి బోరు నీరు తెచ్చే పీవీసీ పైపులలో ఆర్గానోటిన్ సమ్మేళనాలు ఉంటాయని తరగతిలో విన్నాను. వాటి నిర్మాణం ఎలా ఉంటుంది? అవి విషమా?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: తగరపు పరమాణువుకు కనీసం ఒక కర్బన పరమాణువుతో నేరుగా బంధం ఉంటే దానిని ఆర్గానోటిన్ సమ్మేళనం అంటారు. సాధారణంగా తగరం చుట్టూ నాలుగు సమూహాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజ ముఖాల ఆకారం) మూలల వైపు అమరి ఉంటాయి.

ఆ నాలుగింటిలో కర్బన సమూహాలు ఎన్ని అన్నదే మీ ప్రశ్నకు కీలకం. ఒకటి లేదా రెండు ఉన్నవాటిని పీవీసీలో స్టెబిలైజర్లుగా (వేడికి పాడవకుండా కాపాడేవిగా) కలుపుతారు. పైపు తయారీలో సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడికి పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ విడివడి రంగు మారకుండా, అవి ఆ ఆమ్లాన్ని పట్టుకొని, పీవీసీ అణువు పొడవాటి గొలుసులోని బలహీనమైన క్లోరిన్ స్థానాలను మార్చివేస్తాయి. అన్ని పైపులలోనూ తగరమే ఉండదు, చాలాకాలం సీసపు లవణాలు కూడా వాడారు, కాల్షియం-జింకు లవణాలు వాడుకలో ఉన్నాయి. తాగునీటికైతే సీసం లేని పైపునే అడిగి కొనమని నా సలహా.

మూడు కర్బన సమూహాలు ఉన్నవి మాత్రం తీవ్రమైన విషాలు. ఓడల అడుగుభాగాన నాచు, గవ్వజీవులు పట్టకుండా అలాంటిదే అయిన ట్రైబ్యుటైల్‌టిన్ కలిసిన రంగులు పూసిన కాలంలో, లీటరు నీటికి కొన్ని నానోగ్రాముల (గ్రాములో వంద కోట్లవ వంతు ఒక నానోగ్రాము) మోతాదుకే ఆడ సముద్రపు నత్తలలో మగ అవయవాలు పెరిగి, కొన్ని తీరాలలో వాటి సంతతే తగ్గిపోవడం ఎంతో బాధాకరం. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి ఆ రంగులను నిషేధించింది.